వేడెక్కితే ఆగే ఎం20: కార్బొరేటర్ మీద పడిన నింద

పాత ఇంగ్లీషు మోటారు సైకిళ్ళను ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్ళకు పక్కనుండి దారి చెప్పడం నా పని. పానా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఏ నట్టు ముందు విప్పాలి, దేన్ని ఇప్పుడు ముట్టుకోకూడదు అన్నది నేను చెబుతాను. చెన్నైలో ఇలాంటి బండ్లు చాలానే చూశాను. ఈ ఒక్కదాన్ని రాసిపెట్టడానికి కారణం, ఇందులో చేసిన ప్రతి రిపేరూ పనిచేసినట్టే కనిపించింది. చేసిన ప్రతిసారీ బండి స్టార్టయింది. వేడెక్కితే ఆగిపోయే జబ్బు మాత్రం దశాబ్దాలుగా అలాగే ఉంది. ఓనరు సరేనన్నాకే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

బండి బీఎస్‌ఏ ఎం20. సింగిల్ సిలిండరు, సైడ్‌వాల్వు (వాల్వులు సిలిండరు పక్కన ఉండే రకం), 496 సీసీ. బోరు 82 మిల్లీమీటర్లు, స్ట్రోకు 94. బర్మింగ్‌హామ్‌లో 1937లో మొదలైన మోడలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసమే 1,20,000కు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయినవి డిస్పోజల్ వేలాల్లో జనం చేతికొచ్చాయి. ఈ బండి ఇంజను నంబరు ముందున్న డబ్ల్యూ అక్షరం ఇదీ ఆ సైన్యపు బండేనని చెబుతుంది.

ఓనరుకు యాభైకి దగ్గర వయసు, బ్యాంకు ఉద్యోగం. వాళ్ళ నాయన 1960ల్లో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి, వ్యాపారం కుదురుకున్నాక దీన్ని ఎవరి దగ్గరో కొన్నారు. 1980ల మధ్యలో స్కూటరు కొని దీన్ని పక్కన పెట్టారు. ఉత్తర చెన్నైలో వాళ్ళ ఇంటి మెట్ల కింద అది అలాగే ఉండిపోయింది. సముద్రపు గాలికి క్రోమ్ పొక్కులు లేచింది కానీ, ఇంజను మాత్రం బిగుసుకుపోలేదు. ఎవరో పుణ్యాత్ముడు ప్లగ్గు కన్నంలో ఆముదం పోసి పెట్టాడట.

నేను వెళ్ళేసరికి అది బండిగా లేదు. అంతకుముందు ఒక షెడ్డువాళ్ళు "మొత్తం విప్పితేనే ఎస్టిమేటు" అని విప్పేసి, ఆ ఎస్టిమేటు పెంచుకుంటూ పోయి, చివరికి ఫ్రేము ఒకవైపు, మిగతాదంతా గోనెసంచుల్లో వేసి తిరిగి పంపారు. ఓనరుకు రెండు కోరికలు. బండి తన చేతులతో నిలబెట్టాలి, నాయన ఉండగానే ఒక్కసారైనా ఆ చప్పుడు ఆయనకు వినిపించాలి. తొందరేమీ లేదు, ఆదివారాలు ఉన్నాయి.

మొదట పెట్టిన షరతు, సంచుల్లో ఉన్నదంతా లెక్క తేలేదాకా ఒక్క ముక్క కూడా క్రోముకు, పెయింటుకు వెళ్ళకూడదని. చిన్న బుష్షులు, స్పేసర్లు పోయేది ప్లేటింగు షాపుల్లోనే. పోయాక, ఏం పోయిందో కూడా మనకు తెలియదు. ఫ్రేము నంబరు, ఇంజను నంబరు ఉన్న చోట గ్రైండరు సంగతి అటుంచి ఎమరీ కాగితం కూడా తగలకూడదన్నాను. పాత ఆర్‌సీ పుస్తకం ఉంది కాబట్టి ఆ అంకెలే బండికి ప్రాణం.

రెండోది పానాలు. ఈ తరం ఇంగ్లీషు బండి మీద మిల్లీమీటరు పానా పడితే నట్టు తల గుండ్రమైపోతుంది. విట్‌వర్త్ లెక్కలో పానా మీద ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. పావు అంగుళం విట్‌వర్త్ నట్టు వెడల్పు దాదాపు 13.3 మిల్లీమీటర్లు. 13 నంబరు ఎక్కదు, 14 వదులు. ఆ 14తో గట్టిగా లాగినవాళ్ళ గుర్తులు ఈ బండి నిండా ఉన్నాయి. మరలు కూడా వేరు. చాలాచోట్ల అంగుళానికి 26 చుట్లున్న సైకిల్ త్రెడ్. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరికే బోల్టు రెండు చుట్లు హాయిగా వెళ్తుంది, మూడో చుట్టుకు లోపలి మరను కొరికేస్తుంది. ఓనరు పుదుపేట పాత ఇనుము కొట్లలో వెతికి, తుప్పుపట్టిన విట్‌వర్త్ పానాలు ఒక్కొక్కటిగా సంపాదించారు. ఆ వెతుకులాట ఆయనకు బండికన్నా ఎక్కువ నచ్చిందేమో అనిపించింది.

ఇంజను అడుగుభాగం విప్పలేదు. పిస్టన్ పై కొసలో ఉన్నప్పుడు కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఆట (వదులు) లేదు, క్రాంకు గరగర లేకుండా తిరుగుతోంది. విప్పనంత మాత్రాన చెడిపోయేదేమీ లేదు, విప్పితే చెడగొట్టుకునే అవకాశం బోలెడు. సిలిండరు సంగతి వేరు. పైఅంచున గోరు తగిలేంత గట్టు ఏర్పడింది. అంబత్తూరు ఎస్టేటులో రీబోరు చేయించి, అంటే లోపలి గోడ కోయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేశారు. ట్యాంకు మీద పాత మెరూన్ రంగు పెచ్చులు లేచినా అలాగే ఉంచేద్దామన్నాను. ఓనరు భార్య ఒప్పుకోలేదు. ఆ వాదనలో నేను కలగజేసుకోలేదు. రంగు పడింది.

మొదటి కిక్కు, మొదటి పొగ

బండి తిరిగిన రోజున వీధంతా తెల్లటి పొగ. దోమల మందు బండి వచ్చిందేమోనని పై అంతస్తువాళ్ళు కిటికీలు మూసుకున్నారు. చూడ్డానికొచ్చిన మెకానిక్కు ఒకాయన "రింగులు పోయాయి, మళ్ళీ విప్పాల్సిందే" అన్నాడు. కొత్తగా రీబోరు చేసిన ఇంజను. ఓనరు మొహంలో రక్తం లేదు.

ఎం20లో ఆయిలు విడిగా ట్యాంకులో ఉంటుంది. ఒక పంపు దాన్ని ఇంజనులోకి తోస్తుంది, ఇంకో పంపు అడుగు నుంచి తిరిగి పైకి లాగుతుంది. బండి రోజుల తరబడి నిలబడితే ట్యాంకులోని ఆయిలు పంపు సందుల్లోంచి, సరిగా కూర్చోని బాల్ వాల్వు మీదుగా మెల్లగా కిందికి జారి క్రాంక్‌కేసులో చేరుతుంది. స్టార్టు చేయగానే అదంతా కాలి పొగవుతుంది. రింగులని తేల్చేముందు చేయాల్సింది అడుగు ప్లగ్గు విప్పి ఎంత వస్తుందో కొలవడం. లీటరు సీసాలో సగానికి పైగా నిండింది. దాన్ని ట్యాంకులో పోసి మళ్ళీ కిక్కు కొడితే పొగ కాసేపటికి సన్నబడి ఆగిపోయింది.

దీనికి చాలామంది ఆయిలు పైపు మధ్యలో ఒక ట్యాపు పెడతారు. నేను వద్దంటాను. ఒక్కరోజు ట్యాపు తెరవడం మరిచిపోతే ఇంజను ఆయిలు లేకుండా తిరిగి పట్టేస్తుంది. పొగ వస్తే పోయేది పొరుగువాళ్ళ ఓపిక, పట్టేస్తే పోయేది ఇంజను. బాల్ వాల్వు సీటు సరిచేయించాం. అప్పటికీ కొంచెం జారుతూనే ఉంటుంది కాబట్టి, వారం పైగా నిలబడితే అడుగు ప్లగ్గు విప్పి తీసి పోసుకోవాలి. అంతే.

అసలు సమస్య

బండి తిరగడం మొదలయ్యాక నేను వెళ్ళడం తగ్గింది. కొన్నాళ్ళకు ఓనరు ఫోను. పొద్దున రెండో కిక్కుకే అందుకుంటుంది. ఇరవై నిమిషాలో అరగంటో చక్కగా నడుస్తుంది. తర్వాత రెండు మూడుసార్లు తడబడి ఆగిపోతుంది. ఇక కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పెట్టాల్సిందే. ఇంటికి తోసుకొచ్చి ఏదో ఒకటి సరిచేస్తే మళ్ళీ మామూలే.

"ఏదో ఒకటి" అన్న మాట దగ్గర ఆపి, ఏమేం చేశారో వరసగా చెప్పమన్నాను.

మొదట పెట్రోలు. ట్యాంకు లోపల తుప్పు ఆపడానికి పూసిన కోటింగు పొరలు పొరలుగా లేచి, ట్యాపు జల్లెడలో పేరుకుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాలు కలిపిన) పెట్రోలులోని ఇథనాలు కొన్ని రకాల కోటింగులను అలా లేపేస్తుంది, ఇది నిజమే. కోటింగు గీకించి, జల్లెడ కడిగి, ట్యాపులో ఎండిపోయిన కార్కు మార్చారు. బండి స్టార్టయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ ఆగింది.

ఆపైన అమల్ కార్బొరేటరు. ఫ్లోటు గిన్నె అడుగున ఎర్రటి మట్టి దొరికింది. జెట్లు ఊది, ఫ్లోటు సూది మార్చారు. స్టార్టయింది. మళ్ళీ ఆగింది.

ట్యాంకు మూత కన్నం పూడుకుపోయి ఉంటుందని సూదితో పొడిచారు. స్టార్టయింది. వాల్వులను తోసే ట్యాపెట్ల గ్యాపు చూస్తే ఎగ్జాస్టు వైపు బిగువుగా ఉంది. వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ పోతుంది కాబట్టి అది కూడా సరైన అనుమానమే. సరిచేశారు. స్టార్టయింది. ఆ రోజు కాస్త దూరం కూడా నడిచిందట. ప్లగ్గులు ఎన్ని మారాయో లెక్కే లేదు.

వీటిలో ఏదీ తెలివితక్కువ పని కాదని ఓనరుకు చెప్పాను. ప్రతిచోటా నిజంగానే ఒక లోపం దొరికింది. ఎనభై ఏళ్ళ బండిలో ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక లోపం దొరుకుతుంది, చిక్కంతా అక్కడే. దొరికిన లోపం సరిచేశాం, బండి స్టార్టయింది, కాబట్టి ఇదే కారణం అనుకుంటాం. మధ్యలో ఇంకొకటి కూడా జరిగింది. కార్బొరేటరు విప్పి, కడిగి, బిగించేసరికి ముప్పావు గంట గడుస్తుంది. ఆ ముప్పావు గంటలో ఇంజను చల్లారింది. జ్వరం దానంతట అది దిగే వేళకు మాత్ర వేసుకుని, మాత్రను పొగిడినట్టు.

ఇది నా ఊహేనా, నిజమా అన్నది తేల్చాలంటే రెండు పనులు చేయాలి. బండి పాత సంగతులు మళ్ళీ అడగాలి. తర్వాత, బండి ఆగినప్పుడు ఏమీ చేయకుండా ఉండాలి.

పెద్దాయన చెప్పింది

పని మొదలుపెట్టినప్పుడే నేను పెద్దాయనను, అంటే ఓనరు నాయనను, అడిగి ఉన్నాను. పక్కన పెట్టకముందు బండి ఎలా ఉండేదంటే, ఆయన నిమిషం కూడా ఆలోచించకుండా, "పెట్రోలు సరిగ్గా అందేది కాదు అబ్బయా. కార్బొరేటర్లో చెత్త చేరేది" అన్నారు. అది నా నోట్సులో ఉంది. కానీ అది బండి చేసిన పని కాదు, మెకానిక్కు చెప్పిన తీర్పు. ఈసారి తీర్పు కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పించుకోవాలని మళ్ళీ వెళ్ళాను.

"ఆగినాక మెకానిక్కు దగ్గరికి ఎట్ట తీసకపోయేవాళ్ళు?"

"తోసుకుంటా. అప్పుడు ఒంట్లో సత్తువ ఉండేది."

"పొయ్యే దోవలో మధ్యలో కిక్కు కొట్టి చూసేవాళ్ళా?"

"ఎందుకు కొట్టను! టీకొట్టు దగ్గర ఆపి ఒక టీ తాగి కొడితే ఒక్కోసారి అందుకునేది. కానీ అట్ట ఇంటికి పోతే మళ్ళా ఆగదని ఏం నమ్మకం? క్లీన్ చేయించుకోనే పొయ్యేవాణ్ణి."

"వానాకాలంలో గూడా ఆగేదా?"

ఆయన కాసేపు పైకి చూసి, "ధనుర్మాసంలో గుడికి పోతా ఉంటే ఎప్పుడూ ఆగలా" అన్నారు. పక్కన కూర్చున్న పెద్దావిడ, "గుడి ఎంత దూరమనీ, పది నిమిషాలు" అని అందుకున్నారు. ఆ సవరింపు నాకు పనికొచ్చింది. చలికాలం అన్నది సాక్ష్యం కాదని కొట్టేసుకున్నాను. టీ మాత్రం సాక్ష్యమే.

దీంతో అనుమానితుల జాబితా చాలా చిన్నదైపోయింది. ఈ జబ్బు 1980ల్లోనే ఉంది. అంటే ఈ20 కాదు, కొత్త కోటింగు కాదు, కొత్త పిస్టను కాదు, బిగించడంలో జరిగిన పొరపాటు కాదు. అప్పటికీ ఇప్పటికీ బండి మీద మారకుండా ఉన్నది, వేడికి చెడి చల్లారితే బాగయ్యేది ఏమిటి? సిలిండరు వెనకాలే, దాని సెగ తగిలే చోట కూర్చున్న లూకాస్ మ్యాగ్‌డైనో. బ్యాటరీ లేకుండానే ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటో, బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమో రెండూ ఒకే ముద్దగా ఉండే భాగం. దాన్ని కడిగి, పాయింట్లు (రవ్వ పుట్టాల్సిన క్షణంలో కరెంటును తెంచే చిన్న స్విచ్చు) గీకి, మళ్ళీ బిగించారే తప్ప లోపలికి ఎవరూ వెళ్ళలేదు.

ఏమీ చేయకుండా కూర్చోవడం

అనుమానం ఎంత బలంగా ఉన్నా మ్యాగ్నెటో విప్పడానికి అది చాలదు. అది విప్పితే టైమింగు, అంటే రవ్వ పడాల్సిన క్షణం, తప్పుతుంది. లోపల తిరిగే తీగచుట్ట, ఆర్మేచరు, తీస్తే అయస్కాంతం బలం తగ్గొచ్చు. కాబట్టి ముందు రోడ్డు మీద పరీక్ష.

ఆగిపోయిన బండి దగ్గర మనిషి మొదట చేసే పనులే సాక్ష్యాన్ని చెరిపేస్తాయి. కార్బొరేటరులోకి అదనంగా పెట్రోలు వదిలే టిక్లరు నొక్కి నొక్కి కిక్కు కొడతాడు, ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోతుంది. తర్వాత ఆ తడి ప్లగ్గు చూసి పెట్రోలు ఎక్కువైందని అంటాడు. అందుకని ఓనరుకు వరస చెప్పాను. ఆగగానే టిక్లరు ముట్టుకోవద్దు, ట్యాపు ముట్టుకోవద్దు. జేబులో ఉంచుకున్న పొడి ప్లగ్గు వైరుకు తగిలించి సిలిండరు రెక్కల మీద పెట్టి కిక్కు కొట్టి, నిప్పురవ్వ చూడాలి. పగటి వెలుతురులో బలహీనమైన రవ్వ కనపడదు కాబట్టి సాయంత్రం, మసక పడే వేళకు వెళ్ళాలి. రవ్వ చూశాకే ట్యాంకు మూత తిప్పి, గాలి లోపలికి పీల్చిన చప్పుడు వస్తుందేమో వినాలి. ఆ తర్వాత గడియారం చూసుకుని కూర్చోవాలి.

మాధవరం వైపు వెళ్ళాం. ఆయన బండి మీద, నేను వెనక స్కూటరు మీద. ఎదురుచూసినట్టే ఆగింది. ప్లగ్గు మీద రవ్వ సన్నగా, పసుపుగా, మూడు కిక్కులకు ఒకసారి వచ్చింది. మూత తిప్పితే చప్పుడేమీ లేదు. కిక్కు పెడలు కింద కంప్రెషన్ గట్టిగానే తగులుతోంది, అంటే వాల్వులు మూసుకుంటున్నాయి. టీకొట్టు దగ్గర కూర్చున్నాం. ఒక్క నట్టు ముట్టుకోలేదు. ఓనరు చేతులు ఊరికే ఉండలేక సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశారు, లాక్కున్నాను. కాస్త చల్లారాక కిక్కు కొడితే రెండోదానికే అందుకుంది. అక్కడి నుంచి బయల్దేరితే ఈసారి ముందుకన్నా చాలా త్వరగా ఆగింది. పూర్తిగా చల్లారకుండా బయల్దేరాం కాబట్టి వేడెక్కడానికి తక్కువసేపు పట్టింది. చెత్త అడ్డం పడితే ఇలా గడియారం ప్రకారం నడుచుకోదు.

బల్ల మీద మ్యాగ్నెటో

ఇప్పుడు విప్పడానికి కారణం ఉంది. పైన పట్టీతో కట్టి ఉండే డైనమో తీసి, మ్యాగ్నెటోను చెక్కముక్కల మధ్య వైసులో పట్టించాం. ప్లగ్గు వైరు చివర 5 మిల్లీమీటర్ల గాలి సందు పెట్టాం.

చాలామంది ఇక్కడ డ్రిల్లు మిషను తగిలించి తిప్పి, రవ్వ ఫెళ్ళున దూకగానే మ్యాగ్నెటో బాగుందని తేల్చేస్తారు. మ్యాగ్నెటో వేగంగా తిరిగేకొద్దీ రవ్వ బలం పెరుగుతుంది. దానికి కష్టమైన పరీక్ష నెమ్మదిగా తిరగడం, అంటే కిక్కు వేగం. కాబట్టి చేత్తోనే తిప్పాం. చల్లగా ఉన్నప్పుడు రవ్వ నీలంగా, చిటచిటమని వచ్చింది. తర్వాత ఓనరు భార్య హెయిర్ డ్రయరు అరువు తెచ్చి, మల్టీమీటరు టెంపరేచర్ వైరు బాడీకి అంటించి వేడి చేశాం. 60 డిగ్రీలు దాటేదాకా మార్పు లేదు. 70కి దగ్గరపడేసరికి రవ్వ పసుపెక్కింది, ఆపైన రావడమే మానేసింది. అదే సమయంలో పాయింట్ల మధ్య మాత్రం తెల్లటి మంట కనిపించసాగింది. చల్లారనిచ్చి మళ్ళీ తిప్పితే మళ్ళీ నీలం.

ఆ తెల్లటి మంటే మాకు కావాల్సిన సూచన. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో అక్కడ మంట లేవకుండా కరెంటును ఠక్కున ఆపడమే కండెన్సరు పని. ఆర్మేచరు తీగచుట్ట తెగిపోయో, లోలోపల కలిసిపోయో ఉంటే పాయింట్ల దగ్గర అంత మంట ఉండదు. పాయింట్ల దగ్గర మంట లేస్తూ ప్లగ్గు దగ్గర రవ్వ పోతోందంటే వేడికి కండెన్సరు లీకవుతోందని అర్థం. ఈ మ్యాగ్నెటోల్లో అది బయట ఉండదు, ఆర్మేచరుతో పాటు లోపల తిరుగుతూ ఉంటుంది. అందుకే పాయింట్లు, ప్లగ్గులు, వైర్లు వందసార్లు మారినా దాన్ని ఎవరూ మార్చరు.

ఆర్మేచరు తీసేముందు రెండు జాగ్రత్తలు. ప్లగ్గు వైరు పట్టుకునే పికప్ విప్పాలని అందరికీ తెలుసు. బాడీ పక్కన ఇంకో చిన్న స్క్రూ ఉంటుంది, దాని మొన లోపల స్లిప్ రింగు (చుట్ట నుంచి కరెంటును పికప్‌కు అందించే రింగు) అంచుల మధ్యకు వెళ్తుంది. సేఫ్టీ గ్యాపు కోసం పెట్టింది. అది విప్పకుండా ఆర్మేచరు లాగితే స్లిప్ రింగు అంచు పుటుక్కుమంటుంది. ఈ మ్యాగ్నెటోలో అంచున ఒక పెచ్చు అప్పటికే లేదు. అంటే ఎప్పుడో ఒకరు లోపలికి వెళ్ళే ప్రయత్నం చేసి అక్కడితో ఆగిపోయారన్నమాట. ఆర్మేచరు బయటికి జరుగుతుంటే అయస్కాంతం ధ్రువాల మీద మెత్తని ఇనుప ముక్క అడ్డంగా పెట్టాం, బలం తగ్గకుండా.

లోపల చుట్ట మీద బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు కారి, గట్టిపడి ఉంది. ఆ కాలంలో చుట్టకు పూసే లక్క వేడికి మెత్తబడి కారింది.

కండెన్సరు ఒక్కటే మార్చాలా?

అక్కడ మూడు దారులు కనిపించాయి. ఓనరు మిత్రుడొకరు మ్యాగ్నెటో పక్కన పడేసి బ్యాటరీ, కాయిలు పెట్టించమన్నారు. చవక, దొరుకుతాయి. నేను వద్దన్నది ఒరిజినాలిటీ మోజుతో కాదు. ఈ బండిలో కరెంటు అంటే ఆరు వోల్టుల చిన్న డైనమో, దాని వెనక ఒక పాత రెగ్యులేటరు. ఇప్పుడు బ్యాటరీ చచ్చినా బండి ఇంటికొస్తుంది. మార్చాక బ్యాటరీ చస్తే బండీ చస్తుంది. పైగా తీసి పక్కన పెట్టిన మ్యాగ్నెటో పదేళ్ళ తర్వాత ఏ అటక మీద ఉంటుందో ఎవరికీ తెలియదు.

రెండో దారి కండెన్సరు ఒక్కటే మార్చడం. మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిస్తే వేడి మీద లీకవుతున్నది అదే. చుట్ట ఇంకా బతికే ఉంది. కానీ లక్క కారిన చుట్ట ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేం, ఆర్మేచరును మళ్ళీ తీయాలంటే మళ్ళీ ఇదంతా చేయాలి. సందేహం ఉన్నప్పుడు తక్కువ పని చేయడం నా పద్ధతి. అయినా ఇక్కడ మూడో దారి, మొత్తం రీవైండింగు (చుట్టను కొత్తగా చుట్టించడం), మేలని చెప్పాను. ఇంజను అడుగుభాగం విప్పవద్దన్న మనిషినే, దీన్ని మాత్రం మొత్తం చేయించమన్నాను. అక్కడ లోపం లక్షణమేదీ లేదు. ఇక్కడ కళ్ళ ముందే కారి ఉంది.

చెన్నైలో నీటి పంపుల ఇంజన్లకూ పాత ట్రాక్టర్లకూ మ్యాగ్నెటోలు చుట్టే పెద్దవయసు మనిషి ఒకరున్నారు. లక్క బదులు ఎపాక్సీ, కాగితపు కండెన్సరు బదులు ఈ కాలపు ఫిల్ము రకం, కొత్త స్లిప్ రింగు, అయస్కాంతానికి మళ్ళీ బలం. వారాలు పట్టింది. తిరిగొచ్చాక బండికి బిగించేముందు అదే బల్ల మీద, అదే హెయిర్ డ్రయరుతో, ఈసారి 80 డిగ్రీల దాకా తీసుకెళ్ళాం. చేత్తో తిప్పితే రవ్వ నీలంగానే ఉంది, పాయింట్ల దగ్గర చీకటి.

టైమింగు ఓనరే పెట్టారు. సైడ్‌వాల్వు బండికి హెడ్డు విప్పడం తేలిక కాబట్టి, విప్పి డెప్త్ గేజీతోనే కొలిచారు. పాయింట్ల గ్యాపు 12 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). రవ్వ పడే క్షణాన్ని ముందుకు జరిపే అడ్వాన్సు లివరు పూర్తిగా ముందుకు పెట్టి, పిస్టను పై కొసకు 7/16 అంగుళం కింద ఉన్నప్పుడు పాయింట్లు అప్పుడే విడిపోవాలి. ఆ క్షణం కంటికి తెలియదు. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, అది వదులై జారిన చోటే విడిపోయినట్టు. మ్యాగ్నెటో పినియను (పళ్ళ చక్రం) నట్టు బిగించేటప్పుడు టైమింగు కాస్త జరుగుతుంది, మళ్ళీ చూడాలి. ఆయన ఓపిగ్గా, తృప్తి కలిగేదాకా చేశారు.

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, రెడ్‌హిల్స్ దాకా వెళ్ళొచ్చారు. ఆగలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్న పద్ధతి

వేడికి వచ్చే జబ్బుల్లో ఏ రిపేరు చేసినా, చేశాక స్టార్టయిందన్న దాన్ని ఇప్పుడు సాక్ష్యంగా తీసుకోను. అదే వేడిలో, అంతే దూరం ఆగకుండా నడిస్తేనే రిపేరు పనిచేసినట్టు. దానికి ముందు ఒక్కసారైనా ఏమీ ముట్టుకోకుండా చల్లార్చి చూడమంటాను. ఓనర్లకు ఇది అన్నిటికన్నా కష్టమైన పని, ఆదివారం పూట పానా పట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోమంటే కోపం వస్తుంది.

పాత సంగతులు అడిగేటప్పుడు "ఏం పోయింది" అని అడగడం మానేశాను. ఎప్పుడు ఆగేది, ఆగాక ఎంతసేపటికి అందుకునేది, ఆ మధ్యలో మీరేం చేసేవాళ్ళు అని అడుగుతాను. ఇంట్లో ఆడవాళ్ళు ఉంటే వాళ్ళనూ అడుగుతాను. దూరాలు, సమయాలు వాళ్ళకు ఎక్కువ గుర్తుంటాయి.

ఇక ఈ20. ప్రతి పాత బండి జబ్బుకూ ఇప్పుడు దాన్నే తిడుతున్నారు. కార్కుకు, కొన్ని రబ్బర్లకు, కోటింగులకు, నీళ్ళు చేరితే కార్బొరేటరు లోహానికి అది చేసే చెరుపు నిజం. ఈ బండిలోనూ చేసింది. అందుకే అందరి చూపూ అటు వెళ్ళింది.

ప్రస్తుత స్థితి

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని కొత్తగా నమోదు చేస్తే వీఏ సిరీసు నంబరు వస్తుంది, రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. ముందే రిజిస్టరై ఉన్నవాళ్ళు పాత నంబరు ఉంచుకోవచ్చు. ఓనరు పాత మద్రాసు నంబరే ఉంచుకుంటున్నారు, కాగితాలు నడుస్తున్నాయి. ఈ నమోదుతో రోజూ ఆఫీసుకు తిప్పడం కుదరదు, ఆయనకు ఆ ఉద్దేశమూ లేదు.

పెద్దాయన చప్పుడు విన్నారు. కండెన్సరు సంగతి కొడుకు వివరంగా చెప్పాడు. అంతా విని, "అయినా కార్బొరేటరు ఒకసారి విప్పి చూడండి" అన్నారు.

ముందు గర్డరు ఫోర్కు స్పిండిల్సులో (కీలు కడ్డీల్లో) ఆట మిగిలి ఉంది, బ్రేకు పట్టినప్పుడు హ్యాండిలు చేతికి టకటక తగులుతోంది. స్పిండిల్సు, బుష్షులు లేతు పనికి వెళ్ళాయి. అవి వచ్చేదాకా బండి స్టాండు మీదే. అడుగు ప్లగ్గు కింద ఒక పళ్ళెం పెట్టించాను.